రాళ్ళతోటలో ఎత్తుడు గుండు

కిందటి వారం పాపాత్తిని వీధి మెట్టు మీద కూలబడేసి వచ్చేశాం. ఏడు రోజులుగా ఆమెను అక్కడే ఉంచినందుకు మీరు నన్ను తిట్టుకుని ఉంటారు. ఆమె లెక్కలో మాత్రం కూలబడి ఇంకా రెండు నిమిషాలు కాలేదు. చేతిలోంచి జారిన కాఫీ గ్లాసు ఇప్పుడే వెళ్ళి గేటుకి తగిలి ఆగింది.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. రాజపాళయంలో ఈ ఇంటి ముందు పదడుగుల మడి ఉంది. దాన్నిండా కనకాంబరాలు, మల్లెలు ఉండేవి. వాటికి నీళ్ళు పోసేది పాపాత్తి. స్పిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్ళు నిలబడి పని చేసిన మోకాళ్ళు ఆమెవి, ఇప్పుడు బిందె ఎత్తనివ్వవు. పైపులో నీళ్ళు ఎనిమిది రోజులకొకసారి. కొడుకు నరసింహన్ మిల్లులో ఎలక్ట్రీషియన్, కోడలు చిత్ర బ్యాండేజి గుడ్డ నేసే చోట చెకింగ్ చేస్తుంది. ఇద్దరూ పొద్దున పోతే చీకటిపడి వస్తారు. మడి ఎండిపోయింది. నీళ్ళడగని తోట పెడదామంది చిత్ర. రాళ్ళు, కంకర, కలబంద, బొమ్మజెముడు, నెలకి ఒక చెంబు నీళ్ళు. పూలు పీకి రాళ్ళు నాటే ఇల్లు ఈ జిల్లాలో ఎక్కడన్నా ఉందా అని పాపాత్తి అడిగింది. ఒకరోజు కాదు, నెల రోజులు అడిగింది. చివరికి ఒక గడువు పెట్టింది. తమిళ ఆడి నెల మొదటి శుక్రవారం లోపల ఆ తోటలో తనకి నచ్చేది ఒక్కటైనా కనిపించాలి, లేకపోతే రాళ్ళన్నీ వచ్చిన టెంపోలోనే తిరిగి పోవాలి.

ఇవాళ ఆదివారం. గడువు ఇంకా ఐదు రోజులు.

ఆ రాళ్ళు మంసాపురం నుంచి వచ్చాయి. పాపాత్తి పుట్టిన ఊరే అది. అక్కడ కళ్ళం పక్కన పాతబావిలో పూడిక తీస్తుంటే గట్టున రాళ్ళు గుట్ట పడ్డాయి. నరసింహన్ వాళ్ళని అడిగి ఒక టెంపోకి ఎత్తించుకుని వచ్చాడు. చిత్ర ముందు ఇటుక ముక్కలు పరిచింది. దాని మీద ఎర్రమట్టిలో రెండు వంతులు ఇసుక కలిపి, వాన నీళ్ళు నిలవకుండా వీధి వైపు వాలుగా పోసింది. ఒక్కో రాయినీ మూడో వంతు మట్టిలోకి దించి పాతింది. అప్పుడే రాయి అక్కడే పుట్టినట్టు ఉంటుందని ఫోన్‌లో చూసిన వీడియోలో చెప్పారట. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. బురద పట్టిన గుండ్రాయి ఒకటి ఉంది, దాన్ని దించడానికి నరసింహన్‌కి ఇంకో మనిషి సాయం కావలసి వచ్చింది. అది ఎటు పెట్టినా దొర్లుతుంది. ఎంతో తంటాలు పడి దాన్ని మధ్యలో గుంత చేసి కూర్చోబెట్టారు. ఇవాళ పొద్దున చిత్ర దాన్ని కొబ్బరిపీచుతో తోమి, బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. నల్లగా నిగనిగలాడుతూ బయటపడింది. ఒక పక్కన బొటనవేలు పట్టేంత అర్ధచంద్రం చెక్కి ఉంది.

కాఫీ గ్లాసుతో బయటికి వచ్చిన పాపాత్తి చూసింది ఆ అర్ధచంద్రాన్నే.

చిత్ర బి.పి. అనుకుంది. లోపలికి పరిగెత్తి నీళ్ళు తెచ్చింది, కొంగుతో విసిరింది, డాక్టరు దగ్గరికి ఆటో పిలవనా అంది. పాపాత్తి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, గోనెసంచి తెచ్చి ఆ రాయి మీద కప్పమంది. నెల రోజులుగా ప్రతి రాయినీ పేరు పెట్టి వెక్కిరించిన మనిషి, ఒక రాయికి చలేస్తుందన్నట్టు దుప్పటి అడుగుతోంది. చిత్ర మామూలుగా అత్తకి ఎదురు చెప్పే కోడలు కాదు, ఎదురు చెప్పకుండానే తన పని చేసుకుపోయే కోడలు. ఇవాళ మాత్రం సంచి తేలేదు. ఎదురుగా కంకర కుప్ప మీద కూర్చుంది. సంగతి చెప్తేగానీ లేవనంది.

పాపాత్తి వీధి అటూ ఇటూ చూసింది. నరసింహన్ ఇంకో బస్తా కంకర కోసం పోయాడు. గాలి తప్ప వీధిలో ఎవరూ లేరు. అప్పుడు చెప్పింది.

అది మంసాపురం ఎత్తుడు గుండు. అమ్మవారి కొడై జాతర నాడు ఊళ్ళో మగపిల్లలు వరసగా వచ్చి దాన్ని ఎత్తేవాళ్ళు. మోకాలి దాకా తెచ్చేవాడు ఒకడు, తొడమీద పెట్టుకుని వణికేవాడు ఒకడు. ఎదకి ఎత్తితే ఎత్తినట్టు లెక్క, భుజం మీదుగా వెనక్కి కూడా వేస్తే ఆ ఏడాది అతనే మొనగాడు. పోటీ మొదలయ్యే ముందు, కిందటిసారి ఆఖరున ఎత్తినవాళ్ళ పేరు పూజారి గట్టిగా పిలుస్తాడు. ఆ మనిషి వచ్చి గుండు మీద నీళ్ళు పోసి పసుపు రాయాలి. అతని తలకి పరివట్టం కడతారు, ఊరంతా చూస్తుండగా. ఆ గుడ్డ కోసం మగపిల్లలు ఏడాదంతా గంజి, గుడ్లు తాగి కండలు పెంచేవాళ్ళు.

నలభై ఒక్క ఏళ్ళ కిందట పాపాత్తికి పంతొమ్మిది. ఆమె నాయన వీరసామి మంచివాడే, నోరే మంచిది కాదు. ఒకరోజు టీ కొట్టు దగ్గర పదిమందిలో ఊపు వచ్చి, ఈసారి కొడైలో గుండు ఎత్తినవాడికి నా కూతుర్ని ఇస్తానని అనేశాడు. అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాడు. అంతకు ముందు ఏడాది ఎత్తినవాడు పేచ్చిముత్తు, వరసకి మామే. అతను పెళ్ళి పంచె కింద అప్పుడే కొత్త వేష్టి కొనుక్కున్నాడని బావి దగ్గర ఆడవాళ్ళు చెప్తే పాపాత్తికి తెలిసింది. తన పెళ్ళి సంగతి తనకి ఆఖరున తెలిసింది.

“నన్ను ఎవురూ అడగలా,” అంది పాపాత్తి. “ఆ రాయిని గూడా అడగలా. మా ఇద్దర్నీ కలిపి పందెం కట్టేసినారు.”

కొడై ముందు రోజు తెల్లవారుజామున నీళ్ళకని బిందె తీసుకుని పోయింది. కళ్ళంలో ఎవరూ లేరు. గుండు చెట్టు కింద కడిగి పెట్టి ఉంది. నలభై అడుగులు దొర్లించుకుంటూ పోయి, బావిలో పడేసింది. బుడుంగుమన్న చప్పుడు విని తనే భయపడిందట. కాసేపు ఆగి, బిందె నింపుకుని, ఏమీ తెలియనిదానిలా ఇంటికి వచ్చి వాకిట్లో ముగ్గు పెట్టింది.

గుండు లేదు, పోటీ లేదు, పెళ్ళీ లేదు. పక్క ఊరి పిల్లలు దొంగిలించారని తేల్చేశారు. వాళ్ళలో కామరాజ్ అనేవాడు ముందురోజు ఆ దారిన సైకిల్ మీద పోవడం ఎవరో చూశారు. అంతే, అతను గుండు దొంగ అయిపోయాడు. మనవలు పుట్టినా మంసాపురంలో అతని పేరు గుండు దొంగే. మరుసటి ఏడాది పాపాత్తిని రాజపాళయం మిల్లులో పనిచేసే సౌందరరాజన్‌కి ఇచ్చారు. అతను గుండు కాదు గదా గుమ్మడికాయ ఎత్తినా ఆయాసపడే మనిషి. అతను నవ్వేవాడు, నవ్వించేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు చల్లగా కాపురం చేసి పోయాడు. అతనికి కూడా చెప్పలేదా అని చిత్ర అడిగింది.

చెప్పలేదు. చెప్తే పగలబడి నవ్వేవాడట. ఎందుకు నవ్వుతున్నావని ఎవరైనా అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషట.

చిత్రకి నవ్వాగలేదు. తనూ కంకర మీద అటూ ఇటూ ఊగుతూ నవ్వింది. అత్త పంతొమ్మిదేళ్ళ పిల్లగా బిందె చంకన పెట్టుకుని దొంగనడక నడవడం ఆమె కళ్ళకి కట్టింది, ఆ పిల్ల ఆమెకి చాలా నచ్చింది. పాపాత్తి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ ఇంట్లో అత్తాకోడళ్ళు కలిసి నవ్వి నెల అయింది, నవ్వడానికి అడ్డుపడ్డవి ఈ రాళ్ళే, ఇప్పుడు నవ్విస్తున్నవీ ఇవే.

అంతలో చిత్ర నవ్వు ఠక్కున ఆగిపోయింది. పొద్దున గుండు తోమిన వెంటనే ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టింది. మా తోట పెద్దమనిషి అని కింద రాసింది కూడా. ఫోన్ తీసి చూస్తే నలభై మూడు మంది చూశారు. అందులో తమిళరసి ఉంది. తమిళరసి చిత్ర చెకింగ్ బల్ల పక్క మిషన్‌లో పనిచేసే పిల్ల, మంసాపురం పిల్ల, పేచ్చిముత్తు మనవరాలు. చిత్ర వెంటనే ఆ ఫోటో తీసేసింది. తీసేసి తలెత్తేసరికి గేటు ముందు మోపెడ్ ఆగింది.

పాపాత్తి లేచి చీర సర్దుకుంది. మోకాళ్ళ నొప్పి మరిచిపోయినట్టుంది.

పేచ్చిముత్తుకి డెబ్భైకి దగ్గర. జుట్టు మొత్తం నెరిసింది, భుజాలు మాత్రం గేటు నిండా ఉన్నాయి. అతను ఎవరినీ పలకరించలేదు. చెప్పులు గేటు బయట విప్పాడు. కలబంద పక్కనుంచి, పాతిన రాళ్ళ మధ్యనుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ మధ్యకి పోయి, గొంతుకూర్చుని, బొటనవేలు అర్ధచంద్రంలో పెట్టాడు. వేలు సరిగ్గా పట్టింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు. ఒక మనిషి ఒక రాయిని చూసి అంత సంతోషపడగలడని చిత్ర ఎప్పుడూ అనుకోలేదు.

ఎక్కడ దొరికిందని అడిగాడు. మంసాపురం పాతబావిలో అని చిత్ర చెప్పింది. పూడిక తీసినవాళ్ళు బయటి ఊరి మనుషులు, వాళ్ళకి ఇదీ ఒక రాయే.

పేచ్చిముత్తు ముఖం ఎర్రబడింది. ఎత్తుకుపోవడానికి చేతకాక బావిలో పడేసి పోయారన్నమాట అన్నాడు. ఇప్పుడే పోయి ఆ కామరాజ్‌ని చొక్కా పట్టుకుని అడుగుతానని లేచాడు. ముసలివాళ్ళిద్దరూ చొక్కాలు పట్టుకుంటే చూడముచ్చటగానే ఉంటుంది గానీ, చిత్ర అత్త వైపు చూసింది. ఊరుకుంటే చాలు. గేటు దాటి అతను పోతే పాపాత్తి రహస్యం ఇంకో నలభై ఏళ్ళు భద్రంగా ఉంటుంది. ఆమె పుట్టిన ఊళ్ళో ఆమెకి మంచి పేరుంది. ఇంతకాలం కాపాడుకున్నది ఈ ముసలితనంలో పోగొట్టుకోవలసిన పని లేదు.

పాపాత్తి గేటుకి అడ్డంగా నిలబడింది.

“వాడు కాదు మామా. ఆ రాయిని బాయిలో వేసింది నేను.”

పేచ్చిముత్తుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. మోపెడ్ సీటు మీద కూర్చున్నాడు. ఎదురుగా రాళ్ళ మధ్య, రోజూ పదింటికి పూసే పత్తుమణి పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి, పదయిందన్నమాట. వాటిని చూస్తూనే అడిగాడు.

“నేనంటే నీకి అంత గిట్టలేదా, పాపాత్తీ?”

అందులో కోపం లేదు. కొత్త వేష్టి కొనుక్కున్న పాతికేళ్ళ కుర్రాడు అడిగినట్టే అడిగాడు. చిత్రకి అతని మీద జాలేసింది.

“నీ మీద నాకి ఏ కోపమూ లేదు మామా. నువ్వు ఇంటికి వచ్చి అడిగుంటే సరి అనేదాన్నో ఏమో. రాయి ఎత్తినోడికి ఇస్తామన్నారే, ఆ మాట మీద కోపం. నేనేమన్నా పరివట్టమా, గెలిచినోడి తలకి కట్టేదానికి?”

పేచ్చిముత్తు తల ఊపాడు. చాలాసార్లు ఊపాడు. తనకి ఇద్దరు కూతుళ్ళున్నారని, వాళ్ళ పెళ్ళిళ్ళు వాళ్ళని అడిగే చేశానని అన్నాడు. తర్వాత చిత్ర లోపలికి పోయి కాఫీ తెచ్చింది, అతను తాగాడు. అక్కడితో అయిపోయిందనుకున్నారు అత్తాకోడళ్ళిద్దరూ. కామరాజ్ పేరు బాగుపడుతుంది, గుండు ఊరికి పోతుంది, పాపాత్తిని నాలుగు రోజులు ఆడిపోసుకుని ఊరు మరిచిపోతుంది. ఆ మాత్రానికి ఆమె సిద్ధపడింది కూడా.

గ్లాసు కింద పెట్టబోతూ పేచ్చిముత్తు ఆగాడు. గుండు వైపు చూశాడు, పాపాత్తి వైపు చూశాడు. అతను ఆ బావిలో ఈత నేర్చుకున్నవాడు. ఆ బావి రాయిరాయీ అతనికి తెలుసు.

“కళ్ళం నుంచి నలభై అడుగులు దొర్లించినావనుకో, సరి. ఆ బాయి గోడ నా ఎదదాకా వస్తాది. గోడ ఎవురు దాటించినారు?”

చిత్ర కూడా అత్త వైపు తిరిగింది. ఇందాక కథ చెప్పినప్పుడు దొర్లించాను, పడేశాను అంది. మధ్యలో ఒక గోడ ఉందని చెప్పనే లేదు.

“నేనే దా,” అంది పాపాత్తి చివరికి.

ఎట్లా అని అతను అడగలేదు, అడగకుండానే ఆమె చెప్పింది. ముందు మోకాలి మీదికి తెచ్చుకుంది. తొడ మీద పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. వాళ్ళు పొలంలో పత్తి మూటలు ఎత్తేది కూడా అలాగే. తర్వాత రెండు చేతులూ కింద వేసి ఎదకి ఎత్తుకుంది. కాసేపు అలాగే ఉంచుకుందట. గోడ మీద పెట్టేయొచ్చు, అయినా పెట్టలేదట. ఆ కాసేపటి సంగతి ఆమె ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, తనలో తను మాత్రం ఎన్నోసార్లు తలుచుకుంది. మిల్లులో పన్నెండు గంటలు నిలబడ్డ రోజుల్లో అదే తలుచుకునేదట.

పేచ్చిముత్తు లేచి నిలబడ్డాడు.

“ఎదకి ఎత్తితే ఎత్తినట్టే. అది ఊరి లెక్క, నేను మార్చేదానికి లేదు.”

ఆ మాట అతను చాలా కష్టం మీద అన్నాడు. ఎందుకో చిత్రకి ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది. గుండు పోయినా మంసాపురంలో కొడై ఆగలేదు. ఉత్త చోట నీళ్ళు పోసి, ఆఖరున ఎత్తినవాడి పేరు ఏటా పిలుస్తూనే ఉన్నారు. నలభై ఒక్క ఏళ్ళుగా పిలుస్తున్నది పేచ్చిముత్తు పేరే. నలభై ఒక్క పరివట్టాలు ఇంట్లో పెట్టెలో మడత పెట్టి దాచుకున్నాడని తమిళరసి ఒకసారి గొప్పగా చెప్పింది. అతనికి ఊళ్ళో ఉన్న మర్యాద అంతా ఆ పేరుతో వచ్చిందే. వచ్చే శుక్రవారమే కొడై. పూజారికి పేరు కాగితం మీద రాసి ఇచ్చేది కూడా అతనే.

ఇక్కడున్న ముగ్గురికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదని పేచ్చిముత్తు అన్నాడు. ఎవరికి చెప్పినట్టో తెలియలేదు, బహుశా తనకే చెప్పుకున్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి మడిచిన కాగితం, పెన్ను తీశాడు. ఏం రాయమంటావని పాపాత్తిని అడిగాడు.

ఆమె వద్దంటుందని చిత్ర అనుకుంది. ఇంతసేపూ గోనెసంచి కప్పమన్న మనిషి. పాపాత్తి తన అరచేతులు చూసుకుంది. తర్వాత ఆ తోటని చూసింది, నెల రోజుల్లో మొదటిసారి వెక్కిరింపు లేకుండా చూసింది.

“రేషన్ కార్డులో నేను మా ఇంటాయన పేరుతో సౌ. పాపాత్తి. అది రాయొద్దు. అప్పుడు నాకి పెండ్లి కాలా. వీ. పాపాత్తి అని రాయి. మా నాయన పందెం కట్టినాడే, ఆయన ఇనీషియల్ పెట్టే పిలవని ఊరు.”

పేచ్చిముత్తు మోపెడ్ సీటు మీద కాగితం ఆనించి రాశాడు. గాలికి అది ఎగరబోతే అరచేత్తో అదిమాడు. రాసింది చిత్రకి కనిపించలేదు. కాగితం మడిచి జేబులో దోపుకుని, గురువారం సాయంత్రం వ్యాన్ తెస్తానని చెప్పి, పోయేముందు ఇంకోసారి వంగి గుండుని తాకాడు. మోపెడ్ చప్పుడు వీధి మలుపులో కలిసిపోయింది.

తోటలో తనకి నచ్చింది ఒకటి దొరికిందని, గురువారం అది కూడా పోతుందని పాపాత్తి నిట్టూర్చింది. గుండు పోయాక ఆ గుంతలో మళ్ళీ కనకాంబరం పెట్టుకోమని చిత్ర ఉదారంగా అంది.

“వద్దు. పెడితే రాయే పెట్టు,” అని పాపాత్తి లోపలికి పోయింది. బీరువా తలుపు కిర్రుమంది. కొడైకి ఆకుపచ్చ పట్టు బాగుంటుందా, ముదురు ఎరుపా అని లోపలి నుంచే అడిగింది. గొంతులో పంతొమ్మిదేళ్ళ పిల్ల ఉంది.

రెండూ బాగుంటాయని చిత్ర నవ్వుతూ చెప్పింది. గడువు గండం గట్టెక్కింది, తోట నిలిచింది. సంతోషంగా చీపురు తీసుకుని చెదిరిన కంకర సర్దసాగింది. గుండు వెనక బొమ్మజెముడు ముల్లుకి ఒక కాగితం చిక్కుకుని గాలికి కొట్టుకుంటోంది. పేచ్చిముత్తు వంగినప్పుడు జేబులోంచి జారినట్టుంది.

చిత్ర దాన్ని తీసి విప్పింది. పైన, ఇంట్లోనే రాసుకుని వచ్చిన పేరు ఉంది, మా. పేచ్చిముత్తు. దాని మీద కొట్టివేత లేదు. కింద వీ అని రాసి చుక్క పెట్టాడు. ఆ తర్వాత పేరు లేదు.

“ఎరుపే కట్టుకుంటా,” అంది పాపాత్తి లోపలి నుంచి. “దూరం నుంచి గూడా అందరికీ కనిపిస్తాది.”